అర్హత లేనివారి జాబితా

కొండ మీది సువర్ణతీర విశ్వవిద్యాలయంలో దేవుడి మీద ఫైలు తెరవడం అదే మొదటిసారి. అంతకు ముందు చెట్ల మీద తెరిచారు, కోతుల మీద తెరిచారు, పోయిన ఫైలును వెతికించడానికి ఇంకో ఫైలు తెరిచారు. ఆ రెండోది కూడా పోయింది, అది వేరే సంగతి. దేవుడి జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఆ ఘనత కొత్త రిజిస్ట్రారు ఆచార్య విశ్వపతిరావుగారికి దక్కింది. ఆ ఫైలు మోసే భాగ్యం సీనియర్ అసిస్టెంటు బెవర పైడిరాజుకు పట్టింది.

పైడిరాజు ఇరవై రెండేళ్లుగా అక్కడ చేస్తున్నవి రెండు పనులు. మొదటిది పాత కాగితాలు వెతకడం. ఆ విశ్వవిద్యాలయంలో ఏ కాగితం పైకి వెళ్లినా పైవారు దాని మీద "పూర్వోదాహరణ ఉన్నదా?" అని రాసి కిందికి దింపుతారు. అంటే, ఇదివరకు ఎవరైనా ఇలాంటి పని చేశారా అని. చేసి ఉంటే సంతకం పడుతుంది, లేకపోతే లేదు. ఎంత మంచి పనైనా సరే, మొదటిసారి చేసే ధైర్యం ఆ కొండ మీద ఏ ఒక్కరికీ లేదు. బీరువాల్లో దూరి, తుమ్మి, దగ్గి, ఆ పూర్వోదాహరణను బయటికి లాక్కొచ్చేవాడు పైడిరాజు. రెండో పని, పరిపాలనా భవనంలో హాజరు పట్టీ తెరిచి, వేళ దాటగానే ఎర్ర సిరాతో గీత కొట్టడం. గీత కింద సంతకం పడిందంటే ఆ మనిషి ఆలస్యంగా వచ్చినట్టు.

ఇంతమంది ఆలస్యాన్ని కొలిచే పైడిరాజుకు సొంతంగా ఒక జబ్బుంది. ఎంత పెందలాడే లేచినా, తొమ్మిదీ యాభై బస్సు కదిలే వేళకే అతను స్టాండులో అడుగుపెడతాడు. ఒక చేత్తో టిఫిను డబ్బా, ఇంకో చేత్తో జారిపోయే కళ్లజోడు, మధ్యలో పరుగు. రోజూ ఇదే భాగోతం. అయినా బస్సు ఏనాడూ తప్పిపోలేదు. ఎందుకంటే ఆ బస్సు కండక్టరు కలిశెట్టి తవిటమ్మ, అతను కనబడేదాకా విజిలు నోట్లో పెట్టదు. డ్రైవరు గొణుగుతాడు, ప్రయాణికులు గొణుగుతారు, ఆవిడ టికెట్ మిషను తుడుచుకుంటూ నిలబడుతుంది. ఆ ఒక్క నిమిషం ఎక్కణ్ణుంచి వస్తోందో పైడిరాజు ఎన్నడూ ఆలోచించలేదు. కుళాయి నీళ్లలాగా వాడుకున్నాడు, అంతే.

తవిటమ్మకు నలభై నాలుగేళ్లు. దూరవిద్యలో పదకొండేళ్లుగా బీయే చదువుతోంది. బస్సు అటు చివర ఆగిన పది నిమిషాలు, ఇటు చివర ఆగిన పది నిమిషాలు, ఇలా ముక్కలు ముక్కలుగా చరిత్ర, రాజనీతి, ఆర్థికం అన్నీ దాటింది. మిగిలింది ఇంగ్లీషు. ఈసారి ఫలితాలు వచ్చిన రోజున పైడిరాజు రొప్పుతూ ఎక్కగానే ఆవిడ టికెట్ కొట్టడం మానేసి అతని పక్కన నిలబడింది.

"బాబూ, ముప్పై నాలుగొచ్చినాయి. ఒక్కటి తక్కువ."

"ఓస్, దానికేటి బెంగ? ఒక్క మార్కుకైతే గ్రేస్ కలిపేస్తారు. ఏటా కలుపుతారు. వారం తిరక్కముందే నీ చేతిలో పాసైన పత్రం ఎడతాను."

"ముప్పయ్యో తారీకులోగా డిపోలో ఇచ్చీయాల. కంట్రోలరు పోస్టుకి పేర్లు రాసుకుంటన్నారు. ఇది దాటిపోతే మల్లీ నాలుగేళ్లకి గాని తియ్యరు. అప్పటికి నాకు వయసు మీరిపోద్ది."

"నాదీ పూచీ" అన్నాడు పైడిరాజు, కిటికీ పక్క సీటులో సర్దుకుని కూర్చుంటూ. పూచీ అన్న మాట అంత తేలిగ్గా నోటివెంట వచ్చేసింది.

అదే రోజున విశ్వపతిరావుగారు రాజధానిలో మూడు రోజుల కార్యశాల ముగించుకుని తిరిగొచ్చారు. కార్యశాల పేరు 'కచ్చితమైన పదం, కచ్చితమైన పాలన'. ఆయన చెడ్డవాడు కాదు. లంచం తెలీదు, కోపం తెలీదు, ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేదు. ఆయనకున్న ఇబ్బందల్లా, విన్నదాన్ని నమ్మేస్తారు, నమ్మినదాన్ని అమలుచేసేస్తారు. కార్యశాల నుంచి ఆయన ఒక బండ ఇంగ్లీషు నిఘంటువు మోసుకొచ్చి, తన గదిలో చెక్క పీట మీద తెరిచిపెట్టి, పక్కన భూతద్దం ఉంచారు. సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది. ఇకపై కార్యాలయ వ్యవహారాల్లో వాడే ప్రతి ఇంగ్లీషు మాటనూ నిఘంటువులో ఇచ్చిన మొదటి అర్థంలోనే వాడవలెను. రెండో అర్థం మొదలుకొని మిగిలినవన్నీ అయోమయానికి దారితీయును గనుక నిషేధించడమైనది.

మర్నాడు పొద్దున్నే పరీక్షల బ్రాంచి బోర్డు దింపించేశారు. నిఘంటువులో బ్రాంచికి మొదటి అర్థం చెట్టుకొమ్మ. జనం నవ్వుకున్నారు. పైడిరాజు కూడా నవ్వాడు. ఆ నవ్వుతోనే ఒక ఫైలు పట్టుకుని రిజిస్ట్రారుగారి గదిలోకి వెళ్లాడు. ఒక్క మార్కుతో తప్పిన నాలుగు వందల పన్నెండు మందికి గ్రేస్ మార్కు కలిపే ఫైలు అది. తవిటమ్మ దరఖాస్తు అన్నిటికన్నా పైన పెట్టాడు.

విశ్వపతిరావుగారు భూతద్దం తీసుకుని నిఘంటువులోకి వంగారు. చాలాసేపటికి తలెత్తారు.

"పైడిరాజుగారూ, ఈ మాటకు మొదటి అర్థం ఏమిటో తెలుసా? అర్హత లేని మనిషి మీద దేవుడు చూపే దయ."

"మంచి మాటే గదండీ."

"మంచిదే. అయితే ఇవ్వవలసినది దేవుడు. ఇన్నాళ్లుగా ఇస్తున్నది మనం. ఏ అధికారంతో ఇచ్చాం?"

ఆ మధ్యాహ్నమే కమిటీ వేశారు.

కమిటీలో మాట్లాడే ధైర్యమున్న మనిషి ఇంగ్లీషు శాఖాధిపతి ఆచార్య గుణవతి ఒక్కరే. ఆవిడ ఓపిగ్గా చెప్పుకొచ్చారు. "సార్, ఈ మాట ప్రార్థనా మందిరాల్లో పెరిగి పెద్దదైంది, నిజమే. దేవుడి దయను ఇలా పిలిచారు. అన్నం ముందు కూర్చుని దేవుడికి చెప్పుకునే కృతజ్ఞతనూ ఇలాగే పిలిచారు. తర్వాత అది గుమ్మం దాటి లోకంలో పడింది. నాట్యంలో సొగసు అదే, పెద్ద పెద్ద ప్రభువులను పిలిచే గౌరవమూ అదే, గడువు దాటాక ఇచ్చే నాలుగు రోజులూ అదే, మనం కలిపే మార్కూ అదే. అన్నిటి లోపలా ఉన్న భావం ఒకటే. అడిగే హక్కు లేనివాళ్లకు ఒకళ్లు మనసుపడి ఇవ్వడం."

విశ్వపతిరావుగారు వేళ్లు మడిచి లెక్కపెట్టారు. "అంటే ఒకే పదం ఏకకాలంలో ఆరు చోట్ల కొలువు చేస్తోందన్నమాట. మన సంస్థలో ఎవరికైనా రెండు ఉద్యోగాలు అనుమతిస్తున్నామా, మేడమ్?"

"మాటలకు సర్వీసు నిబంధనలు వర్తించవండీ."

"వర్తించవు అనడానికి పూర్వోదాహరణ ఉన్నదా?"

పైడిరాజును బీరువాల దగ్గరికి తోలారు. లేదు. లేదు గనుక వర్తిస్తాయని తేలింది. అప్పటికప్పుడు తీర్మానం రాయించారు: 'గ్రేస్ అను పదము అనుమతి లేకుండా పలు శాఖలలో పనిచేయుచున్నట్లు రుజువైనందున, సదరు పదమును దాని మాతృసంస్థయగు మతమునకు తక్షణము తిప్పి పంపడమైనది. తుది నివేదిక వచ్చువరకు ఏ విభాగమునందును, ఏ సందర్భమునందును, ఏ రూపమునందును గ్రేస్ వాడరాదు. ఉల్లంఘన తీవ్రముగా పరిగణించబడును.'

అప్పటికి పన్నెండో తారీకు.

తర్వాతి వారమంతా పైడిరాజు, దేవుడు తన అధికారాన్ని విశ్వవిద్యాలయానికి దఖలు పరిచిన ఉత్తర్వు కోసం వెతికాడు. దొరికినవాటిలో దగ్గర్లోకి వచ్చిన కాగితం ఒక్కటే, క్యాంటీను మేనేజరుకు ఇడ్లీ సైజు నిర్ణయించే అధికారం ఇచ్చినది. దాన్ని పనికిరాదని తిప్పికొట్టారు. ఇక నిపుణుణ్ణి పిలవక తప్పదని పట్నంలో చిన్న చర్చి నడుపుకునే పాస్టరు దేవసహాయంగారిని రప్పించారు. ఆయన మెత్తని మనిషి. కమిటీని చూసి కుర్చీ అంచున కూర్చున్నారు.

"కృప అన్నది ఒకరి యోగ్యతను చూసి వచ్చేది కాదండి" అన్నారాయన. "సంపాదించుకునేదీ కాదు, దరఖాస్తు పెట్టుకునేదీ కాదు. ఏ అర్హతా లేనివాడికి ఊరికే దొరుకుతుంది. దాని గొప్పతనమే అది."

విశ్వపతిరావుగారి ముఖం వెలిగిపోయింది. "అద్భుతం. అనగా అర్హత ఉన్నవారికి ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం."

"నేను అలా అనలేదండి."

"పాస్టరుగారు అలా అనలేదని మినిట్సులో నమోదు చేయండి" అని ఆయన పైడిరాజు వైపు తిరిగారు. "అన్నదాన్ని మాత్రం అమలు చేద్దాం."

అమలు ఇలా జరిగింది. ముప్పై నాలుగు మార్కులు తెచ్చుకున్నవాళ్లు కష్టపడి చదివినట్టు ప్రాథమిక ఆధారాలున్నాయి. కష్టపడితే అర్హత వస్తుంది. అర్హత వస్తే గ్రేస్ రాదు. కాబట్టి ఆ నాలుగు వందల పన్నెండు మందినీ అనర్హులుగా, అంటే అర్హులుగా, ప్రకటించి పక్కన పెట్టారు. సున్నా వచ్చినవారికి తొలి ప్రాధాన్యం. వారికన్నా ముందు, అసలు పరీక్ష హాలుకే రానివారు. అందరికన్నా ముందు, కాలేజీలో చేరి చదువు మానేసి, విశ్వవిద్యాలయాన్ని పూర్తిగా మరిచిపోయినవారు. 'అర్హత లేనివారి జాబితా' పేరుతో ఇరవై పేజీలు తయారుచేయించారు. జాబితాలో ఉన్నవాళ్లందరూ తమకు ఏ అర్హతా లేదని గెజిటెడ్ అధికారి దగ్గర ధ్రువపత్రం తేవాలి.

జాబితాలో ఒకటో నంబరు జామి ఎర్నాయుడు. పట్నంలో సోడా బండి. పద్దెనిమిదేళ్ల కిందట కాలేజీలో చేరి మూడో రోజు గోడ దూకి వెళ్లినవాడు మళ్లీ ఆ గేటు చూడలేదు. ఉత్తరం అందుకుని భయపడుతూ వచ్చి పైడిరాజు బల్ల ముందు నిలబడ్డాడు.

"బాబూ, నాకు డిగ్రీ ఇచ్చీసేలాగున్నారు. నా వల్ల ఏటి తప్పైపోయింది?"

"తప్పేం లేదయ్యా. నీకు ఏ అర్హతా లేదని గెజిటెడ్ అధికారి ఎవరిచేతనైనా రాయించుకురా."

"దానికేటి, మా పాత హెడ్మాస్టారు గెజిటెడ్డే, రాసిచ్చీస్తారు. సంతోసంగా రాస్తారు."

రెండు రోజుల్లో తెచ్చేశాడు. అక్కడ పడింది పీటముడి. కావలసిన ధ్రువపత్రం వేళకు సమర్పించాడు గనుక ఎర్నాయుడు నిబంధనలన్నీ పూర్తి చేసినట్టయింది. పూర్తి చేశాడు గనుక అర్హుడయ్యాడు. అర్హుడయ్యాడు గనుక జాబితాలో ఉండకూడదు. ధ్రువపత్రం తేని వాళ్లకేమో నిబంధన ప్రకారం ఇవ్వడానికి లేదు. దీని మీద ఉపకమిటీ వేశారు. ఎర్నాయుడు ఊపిరి పీల్చుకుని అందరికీ తలా ఒక సోడా కొట్టి ఇచ్చి వెళ్లిపోయాడు.

అప్పటికి ఇరవై అయిదు.

ఈ గొడవలన్నీ పైడిరాజు బస్సులో చెప్పుకుంటూ వచ్చాడు. మొదట్లో తవిటమ్మ నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. ఇరవై అయిదో తారీకున మాత్రం ఒక మాట అడిగింది.

"అయితే బాబూ, నాను పదకొండేళ్లు సదవకుండా ఉంటే పాసైపోదునా?"

మర్నాటి నుంచి పైడిరాజు ఆవిడ ముఖం చూడలేక తొమ్మిదింటి బస్సుకు వెళ్లడం మొదలెట్టాడు. జీవితంలో మొదటిసారి అతనికి పెందలాడే లేవడం చేతనైంది, అదీ సిగ్గుతో. తొందరగా వచ్చి, ఖాళీ ఆఫీసులో కూర్చుని, చేసేదిలేక గ్రేసును నిషేధించిన ఆ ఉత్తర్వునే మళ్లీ మళ్లీ చదివాడు. ఏ విభాగమునందును, ఏ సందర్భమునందును, ఏ రూపమునందును.

అప్పుడు అతని కళ్లు హాజరు పట్టీ మీద పడ్డాయి.

ఆ కొండ మీద ఆఫీసు వేళ పదిన్నర. ఎర్ర గీత మాత్రం పదీ నలభైకి కొట్టడం విశ్వవిద్యాలయం పుట్టినప్పటి నుంచీ ఆచారం. మధ్యలో ఆ పది నిమిషాలను గ్రేస్ టైము అంటారు. పట్టీ అట్ట మీద అచ్చులో ఉంటుంది. అధికారులందరూ ఆ పది నిమిషాల్లోనే వస్తారు. రిజిస్ట్రారుగారు పదవిలో చేరిన నాటి నుంచీ పదీ ముప్పై ఎనిమిదికి వస్తారు. గీత కింద మూడు సంతకాలు పడితే ఒక సెలవు కోత, సర్వీసు పుస్తకంలో ఒక వ్యాఖ్య.

పైడిరాజు ఎదురు తిరిగే రకం కాదు. ఉత్తర్వు చదివాడు, స్కేలు తీశాడు, పదిన్నర కొట్టగానే ఎర్ర గీత లాగాడు.

ఆ రోజు పరిపాలనా భవనంలో గీతకు పైన ఉన్నది ఒకే ఒక్క సంతకం, పైడిరాజుది. ఎనిమిది నిమిషాల తర్వాత విశ్వపతిరావుగారు వచ్చి పట్టీ ముందు నిలబడిపోయారు.

"ఇదేమిటి?"

"తమరి ఉత్తర్వే సార్. ఆ పది నిమిషాల్ని మతానికి తిప్పి పంపించేశాం గదండీ."

వెనక నిలబడిన డిప్యూటీ రిజిస్ట్రార్లు ఇప్పుడు పైడిరాజు పని అయిపోయిందనుకున్నారు. విశ్వపతిరావుగారు ఉత్తర్వు తెప్పించుకుని ఒకసారి చదివారు. "నిజమే. ఉత్తర్వు ఉత్తర్వే" అని గీత కింద సంతకం పెట్టారు. మర్నాడు పదీ ముప్పై మూడుకు వచ్చి ఇంకోసారి పెట్టారు. భవనమంతా గగ్గోలెత్తింది. అలారం గడియారాలు కొన్నారు, అందరూ సంతకాలు చేసి కమిటీకి మహజరు ఇచ్చారు. ఆ మహజరుకు పూర్వోదాహరణ ఉన్నదా అని అడిగారు. ఫైలు మాత్రం అంగుళం కదల్లేదు. పైడిరాజు ప్రాణం ఉసూరుమంది.

ఇరవై ఎనిమిదో తారీకున రిజిస్ట్రారుగారు పదిన్నరకు నిమిషం ముందే వచ్చి కూర్చున్నారు. మూడో సంతకం ఎక్కడ పడుతుందోనని ఆయనకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదని నౌకరు చెప్పాడు.

ఇరవై తొమ్మిది. ఆ పొద్దున పైడిరాజు తొమ్మిదింటి బస్సు ఎక్కలేదు. ఎలాగూ రేపటితో అయిపోతుంది, ముఖం చూపించి రెండు చివాట్లయినా తినాలనుకుని తొమ్మిదీ యాభైకి వెళ్లాడు. తవిటమ్మ చివాట్లు పెట్టలేదు. టికెట్ చింపి ఇచ్చింది.

"ఎక్కలేదు మూడు రోజులై. ఒంట్లో బాగులేదేటి?"

"బాగానే ఉన్నాను" అన్నాడు పైడిరాజు. అంతకంటే సిగ్గు ఇంకోటి లేదనిపించింది అతనికి.

నీళ్ల ట్యాంకు స్టాపులో నలుగురు ఎక్కారు. తవిటమ్మ విజిలు నోటి దాకా తెచ్చి ఆగింది. సందులోంచి ఒక పెద్దమనిషి పరిగెత్తుకొస్తున్నాడు. చంకలో ఫైలు, చేతిలో ఒక చెప్పు, కాలికి ఒక చెప్పు. వెనక సందు మొదట్లో కారు, దాని బానెట్ ఎత్తి డ్రైవరు.

"టైమైపోయింది అక్కా" అన్నాడు బస్సు డ్రైవరు.

పైడిరాజు లేచి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ రాని కోపం ఆ క్షణంలో వచ్చింది. "ఆపొద్దు, పోనీ. మీ నాలుగు వందల మంది మార్కులూ ఆపేసిన రిజిస్ట్రారు ఆయనే."

"తెలుసు బాబూ. పేపర్లో ఫోటో సూసినాను" అంది తవిటమ్మ. విజిలు కిందికి దించి, టికెట్ మిషను తుడుచుకుంటూ నిలబడింది.

విశ్వపతిరావుగారు చెయ్యి ఊపుతూ, ఆయాసపడుతూ వచ్చి ఎక్కారు. ఎవరో జరిగి చోటిచ్చారు. ఊపిరి అందాక చెప్పు తొడుక్కుని, చొక్కా సర్దుకుని, ఆవిడ వైపు చూశారు.

"వేళ దాటిపోయింది కదమ్మా. నియమం ప్రకారం మీరు వెళ్లిపోవచ్చు. ఏ నిబంధన కింద ఆపారు?"

"నిబందనేటి సార్. టైముకొచ్చినోలికి ఆపక్కర్లేదు గదా. రానోలికే ఆపాల" అంది తవిటమ్మ. "పరిగెడతన్నారు, ఆపినాను. టికెట్ కొండ మీదికేనా?"

ఆయన టికెట్ తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

పదీ ఇరవై ఎనిమిదికి గీతకు పైన రిజిస్ట్రారుగారి సంతకం పడింది. పైడిరాజు ఆగలేదు. ఫైలు తీసుకుని నేరుగా గదిలోకి వెళ్లి బల్ల మీద తెరిచిపెట్టాడు. పైనున్నది తవిటమ్మ దరఖాస్తు, దాని మూలన అంటించిన ఫోటో. విశ్వపతిరావుగారు అలవాటుగా భూతద్దం తీశారు. ఫోటో మీద పెట్టారు. తర్వాత భూతద్దం లేకుండానే చూశారు.

"ముప్పై నాలుగా?"

"ముప్పై నాలుగండీ. రేపే ఆఖరు."

"నేనెవరో ఆమెకు తెలుసా?"

"ఫోటో చూసిందట సార్. తెలిసే ఆపింది."

విశ్వపతిరావుగారు కలం మూత తీశారు, మళ్లీ పెట్టారు. ముప్పై ఒక్కేళ్ల అలవాటు ఊరుకోదు గదా. నెమ్మదిగా అడిగారు.

"పూర్వోదాహరణ ఉన్నదా?"

"ఉంది సార్" అన్నాడు పైడిరాజు. "తమరి జేబులోనే ఉంది."

విశ్వపతిరావుగారు అతని వైపు ఎగాదిగా చూశారు. తర్వాత జేబులో చెయ్యి పెట్టి ఆ టికెట్ తీసి, మడతలు సాపు చేసి, దరఖాస్తుకు గుండుసూదితో గుచ్చారు. తీరిగ్గా సొంత దస్తూరీతో రాశారు. ఆ మార్కుకు మాత్రం ఏ పేరూ పెట్టలేదు.

'నాలుగు వందల పన్నెండు మందికి ఒక్కొక్క మార్కు కలపవలెను. పత్రములు ఈ దినమే ఇవ్వవలెను. పూర్వోదాహరణ: ఈ దినము ఉదయము నీళ్ల ట్యాంకు వద్ద బస్సు ఒక నిమిషము ఆపబడినది. ఆపినవారు: దరఖాస్తుదారు. లబ్ధిదారు: రిజిస్ట్రారు. లబ్ధిదారునికి గల అర్హత: లేదు.'

కింద సంతకం పెట్టి ఫైలు ముందుకు తోశారు.

పత్రం అచ్చై, ముద్ర పడి, చేతికి వచ్చేసరికి సాయంత్రం అయిదు దాటింది. తవిటమ్మ అయిదింటి బస్సు అప్పటికే కదిలిపోయి ఉండాలి. అయినా పైడిరాజు పత్రాన్ని టిఫిను డబ్బాతో పాటు గుండెకు అదుముకుని, కళ్లజోడు పట్టుకుని, కొండ దిగువకు పరుగందుకున్నాడు. మలుపు తిరిగి చూస్తే బస్సు ఆగే ఉంది.